ప్రశ్న ఎవరికి, ఏ భాషలో? యూనిక్స్ వర్గ వ్యవస్థల్లో ప్యాకేజీల స్వయంచాలక ఆకృతీకరణ: తెలుగు, గోండి లిపుల నేపథ్యం

ఆదిలాబాద్ జిల్లాలోని మూడు మండలాల పేర్లతో ఈ పరిశీలనను ఆరంభించవచ్చు. అవి బోథ్, ఇచ్చోడ, బజార్‌హత్నూర్. చేతిరాతలో ఈ మూడింటిలో ఏదీ కష్టమైన మాట కాదు. కంప్యూటరు లోపల మాత్రం వీటి స్థితి వేరు. ‘ఇచ్చోడ’ అన్నది చదువరికి మూడు అక్షరాలు, యంత్రానికి ఆరు సంకేతాలు: ఇ, చ, పొల్లు, మళ్లీ చ, ఓత్వం, డ. ఓత్వం నిల్వలో రెండవ చకారం తర్వాత ఉంటుంది. తెరమీద మాత్రం మొదటి చకారం తలమీదికి చేరాలి, రెండవ చకారం ఒత్తుగా మారి కిందికి దిగాలి. ‘బజార్‌హత్నూర్’ది ఇంకొక చిక్కు. రేఫ పొల్లుకూ హకారానికీ నడుమ కంటికి కనిపించని విభాజక సంకేతం ఒకటి లేకపోతే ఆ పేరు ‘బజార్హత్నూర్’ అయిపోతుంది. కనిపించే తేడా ఒక ఒత్తే అయినా, వెదికే యంత్రానికి ఈ రెండూ వేర్వేరు మాటలు.

ఈ పేర్లు తెరమీద సరిగా కనబడాలంటే తెలుగు ఖతి ఒకటి కావాలి. సంకేతాల వరుసను అక్షరరూపంగా కూర్చే సాధనం కావాలి. ఆ సాధనాన్ని పిలిచే గ్రంథాలయాలు, తెలుగు వాడుకను వివరించే లొకేల్ ఫైలు, టైపు చేయడానికి కీబోర్డు విన్యాసం, ఇవన్నీ ఉండాలి. అందులోనూ ఒకదానికొకటి సరిపడే కూర్పులే ఉండాలి. యూనిక్స్ వర్గ వ్యవస్థల్లో వీటన్నింటినీ వెదికి, తెచ్చి, క్రమంలో పెట్టి, తగినట్టు అమర్చే పని ప్యాకేజీ వ్యవస్థది. తెలుగు లిపి చరిత్రను రాసినవారు అచ్చు దిమ్మెల గురించి, టైపురైటరు గురించి, యూనికోడ్ గురించి విస్తారంగానే చర్చించారు. ఈ అమరిక పొర మాత్రం సాంకేతిక నిపుణుల సొంత వ్యవహారంగా మిగిలిపోయింది. అది అలా మిగలదగినది కాదు. ఈ అమరిక చరిత్ర మొత్తం ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: కంప్యూటరుకు తెలియని సంగతిని ఎవరిని అడగాలి? ఆ ప్రశ్నకు తెలుగువారి వైపు నుండి చూస్తే మరొక కొస ఉంది: ఏ భాషలో అడగాలి?

పరిభాష

ముందు మాటల సంగతి కొంత తేల్చుకోవాలి. ‘ఇన్‌స్టాల్’కు తెలుగు స్థానికీకరణల్లో ‘స్థాపన’, ‘సంస్థాపన’ రెండూ వాడుకలోకి వచ్చాయి. ‘కాన్ఫిగరేషన్’కు ‘ఆకృతీకరణ’ స్థిరపడింది. ఇది కొంత బరువైన మాటే. అయినా ప్రోగ్రామును ఆయా యంత్రానికి, ఆయా వాడుకరికి తగిన ఆకృతిలోకి తేవడం అనే అర్థం అందులో పలుకుతుంది. ‘డిఫాల్ట్’కు ‘అప్రమేయం’ వచ్చింది. కొలతకు అందనిది, ప్రమాణాలకు లొంగనిది అనే అర్థంలో విష్ణువుకు విశేషణమైన మాట, ఎవరూ ఏమీ చెప్పనప్పుడు యంత్రం తీసుకునే విలువకు పేరు కావడం విచిత్రం. అయితే ఈ వ్యాసంలో ముందుముందు తేలే విషయాన్ని బట్టి చూస్తే ఆ ఎంపిక మరీ అనుచితం కాదేమో.

అసలు చిక్కు ‘డిపెండెన్సీ’ దగ్గర. ఆంగ్లంలో ఆ మాట సంబంధానికీ చెల్లుతుంది, ఆధారమైన వస్తువుకూ చెల్లుతుంది. తెలుగు అనువాదాల్లో ‘ఆధారం’, ‘ఆధారితం’, ‘ఆధారపడటం’ కలగాపులగంగా కనిపించడానికి కారణం ఇదే. తర్కశాస్త్రం ఇక్కడ ఎప్పుడో మార్గం వేసిపెట్టింది. నిలబెట్టేది ఆధారం, నిలిచేది ఆధేయం, ఆ రెంటి సంబంధం ఆధారాధేయభావం. పాత్రలో నీళ్లున్నప్పుడు పాత్ర ఆధారం, నీళ్లు ఆధేయం. ఖతి లేకుండా తెలుగు డెస్క్‌టాప్ నిలవదు కనుక ఖతి ఆధారం, డెస్క్‌టాప్ ఆధేయం. ఈ వ్యాసంలో ఆ వాడుకనే పాటించడమైనది.

యంత్రాన్ని అడగడం

బెల్ ల్యాబ్స్‌లో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు యూనిక్స్‌కు శ్రీకారం చుట్టారు. ఆ తొలినాళ్లలో ప్రోగ్రాములు మూలపాఠంగానే చేతులు మారేవి. తెచ్చుకున్నవారు తమ యంత్రం మీద వాటిని కూర్చుకునేవారు. 1976లో అదే సంస్థలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ను రాశాడు. ఒక ఫైలు మారితే దాని మీద ఆధారపడ్డ ఫైళ్లలో వేటిని తిరిగి కూర్చాలో మేక్ తానే లెక్కగడుతుంది. సహోద్యోగి ఒకరు దోషాన్ని ఎప్పుడో సరిదిద్దినా, ఆ ఫైలును తిరిగి కూర్చడం మరచి పూటంతా వృథా చేసుకోవడమే దీనికి ప్రేరణ అని ప్రసిద్ధి. ఆధారాధేయభావాన్ని మనిషి జ్ఞాపకంలోంచి తీసి కాగితం మీద పెట్టిన తొలి మెట్టుగా దీన్ని భావించవచ్చు. కానీ మేక్ పరిధి ఒక ప్రోగ్రాము లోపలికే పరిమితం.

1980ల నాటికి యూనిక్స్ ఒకటిగా లేదు. కంపెనీకొక యూనిక్స్, ఒక్కొక్కదానికి ఒక్కో తీరు. ఒకే ప్రోగ్రాము అన్నింటిమీదా పనిచేయాలంటే ఏ యంత్రంలో ఏముందో ముందుగా తెలియాలి. 1984లో లారీ వాల్ తన వార్తాపఠన ప్రోగ్రాము ‘ఆర్ఎన్’తో పాటు ‘కాన్ఫిగర్’ అనే లిపిక నిచ్చాడు. అది కొన్ని సంగతులను తానే పరీక్షించి తెలుసుకునేది, మిగిలినవి కూర్చునే మనిషిని ఒక్కొక్కటిగా, కబుర్లాడినట్టు అడిగేది. తెలుగు శాఖల వారికి ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. లారీ వాల్ భాషాశాస్త్ర విద్యార్థి. లిపి లేని భాష నొకదాన్ని, బహుశా ఆఫ్రికాలో, వెదికి దానికి లిపి కల్పించాలన్న ఉద్దేశంతో ఆయన, ఆయన భార్య ఆ చదువు సాగించారు. ఆ పని జరగలేదు. యంత్రం మనిషితో ఎలా సంభాషించాలనే విషయంలో ఆయన చూపిన శ్రద్ధకు మూలం అక్కడ ఉందని ఊహించడంలో తప్పు లేదు.

1991లో డేవిడ్ మెకెంజీ ఆరంభించిన ‘ఆటోకాన్ఫ్’ దిశ మార్చింది. అది మనిషిని అడగదు. చిన్నచిన్న పరీక్షా ప్రోగ్రాములను యంత్రం మీద నడిపి, అవి నడిచాయో లేదో చూసి, జవాబు తానే రాసుకుంటుంది. ప్రశ్న మనిషి నుండి యంత్రానికి మళ్లింది. దీనివల్ల శ్రమ తగ్గింది గాని లోటు ఒకటి మిగిలింది. ఫలానా గ్రంథాలయం లేదని ఆటోకాన్ఫ్ చెప్పగలదు, దాన్ని తెచ్చిపెట్టలేదు. ‘లేదు’ అని చెప్పి ఆగిపోతుంది. వెదికి తెచ్చుకోవడం మళ్లీ మనిషి పనే.

తెలుగువారికి ఈ దశ పరాయిది కాదు. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ‘రిట్’ను రూపొందించారు. రోమన్ అక్షరాల్లో ఒక పద్ధతి ప్రకారం రాసిన తెలుగును అది తెలుగు లిపిలోకి మార్చేది. అచ్చుకు తగిన ప్రతి కావాలంటే రిట్ ఒక్కటే చాలదు. డొనాల్డ్ నూత్ తయారుచేసిన టెక్ ఉండాలి. మెటాఫాంట్‌లో గీసిన తెలుగు ఖతులు ఉండాలి. టెక్ ఇచ్చే ఫలితాన్ని తెరకు గాని ముద్రణ యంత్రానికి గాని చేర్చే మరొక సాధనమూ ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా తెలుగు కనిపించదు. వేటి మీద ఏది ఆధారపడిందో తెలిసినవారు తెలియనివారికి చెప్పడం ద్వారానే ఈ గొలుసు నిలిచింది. నేడు ‘ఆర్‌టీఎస్’ పేరుతో వాడుకలో ఉన్న టైపింగు పద్ధతికి మూలం ఇదే. దాని చరిత్రను లిప్యంతరీకరణ చరిత్రగా మాత్రమే చెప్పుకుంటున్నాం. ఆధారాలను చేతితో కూర్చుకున్న కాలపు చరిత్రగానూ దాన్ని చదవవలసి ఉంది.

ఆధారాలను రాసిపెట్టడం

1993లో లినక్స్ పంపిణీలు రెండు వెలువడ్డాయి. జూలైలో పాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్, ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ ప్రకటించిన డెబియన్. స్లాక్‌వేర్ ప్యాకేజీ అంటే దాదాపు ఒక మూట. అందులో ఏమున్నదో తెలుస్తుంది, దానికేమి కావాలో తెలియదు. డెబియన్ 1994లో రూపుదిద్దుకున్న ‘డీపీకేజీ’ ద్వారా వేరే దారి పట్టింది. ప్రతి ప్యాకేజీతో పాటు ఒక నియంత్రణ పత్రం ఉంటుంది. దానికి తప్పనిసరిగా కావలసినవి, ఉంటే మేలైనవి, ఉండవచ్చునన్నవి, దానితో పొసగనివి ఆ పత్రంలో వేర్వేరు వరుసల్లో రాసి ఉంటాయి. ఏ కూర్పు కంటే పాతది పనికిరాదో కూడా అందులో ఉంటుంది. 1995లో రెడ్‌హ్యాట్ తెచ్చిన ‘ఆర్‌పీఎం’ కూడా ఇలాంటిదే.

డీపీకేజీ పనిని రెండు దశలుగా విడగొట్టడం ముఖ్యమైన విషయం. మొదట ఫైళ్లను విప్పి చోటుచోటున పెట్టడం, తరువాత ఆకృతీకరించడం. ఆధారాలన్నీ ఆకృతీకరణ పూర్తి చేసుకున్నాకే ఆధేయం వంతు వస్తుంది. నడుమ కరెంటు పోతే ఏ ప్యాకేజీ ఏ దశలో ఆగిందో వ్యవస్థకు గుర్తుంటుంది. ‘సగం ఆకృతీకరించినది’ అనే స్థితికి కూడా దాని చిట్టాలో పేరుంది.

అయినా ఆధారాలను రాసిపెట్టడం వేరు, సమకూర్చడం వేరు. ఫలానాది కావాలని డీపీకేజీ చెబుతుంది. అది దొరికాక దానికి మరొకటి కావాలంటుంది. ఈ అవస్థ నుండి గట్టెక్కించినది 1999 మార్చిలో వెలువడిన డెబియన్ 2.1తో వచ్చిన ‘ఆప్ట్’. అది భాండాగారంలోని ప్యాకేజీలన్నింటి పత్రాలనూ ముందుగా చదివి, గొలుసు మొత్తాన్ని లెక్కగట్టి, అన్నింటినీ ఒకేసారి తెస్తుంది. ఈ లెక్క పైకి కనిపించినంత సులువు కాదు. పొసగనివాటిని, ప్రత్యామ్నాయాలను, కూర్పుల పరిమితులను కలిపి చూస్తే, ఒక ప్యాకేజీని స్థాపించడం సాధ్యమా కాదా అని తేల్చడమే గణనశాస్త్రంలో అతి కఠినమైన సమస్యల కోవకు చెందుతుందని ఐరోపాలో జరిగిన ఈడోస్ పరిశోధన 2006 ప్రాంతంలో నిరూపించింది.

శాబ్దబోధ చర్చ తెలిసినవారికి ఇక్కడ ఒక పోలిక స్ఫురిస్తుంది. పదాలు వాక్యార్థాన్ని ఇవ్వడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని అన్నంభట్టు తర్కసంగ్రహం చెబుతుంది. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. ప్యాకేజీ తన ఆధారాన్ని కోరడం అలాంటిదే. కోరినది దొరికినా పొసగకపోతే, నిప్పుతో తడపమన్న వాక్యంలా, యోగ్యత లేనిదవుతుంది. కూర్పులు సరిపడకపోవడం అదే. పోలికను ఇంతకంటే సాగదీయరాదు గాని, మూడవదైన సన్నిధి మాత్రం ఈ ప్రాంతపు అనుభవానికి బాగా దగ్గరది. ఆప్ట్ పనిచేయాలంటే భాండాగారం అందుబాటులో ఉండాలి. దానికి ఇంటర్నెట్టే శరణ్యమైతే 2000ల తొలినాళ్లలో ఉత్తర తెలంగాణ మండల కేంద్రాలకు ఆ సన్నిధి లేనట్టే. ఆప్ట్ సీడీలను కూడా భాండాగారాలుగా గుర్తించేలా రూపొందింది. పత్రికలతో పాటు వచ్చే సీడీల ద్వారానే ఆ రోజుల్లో చాలామందికి లినక్స్ అందింది. సీడీలో లేనిదానికి ఆకాంక్ష పుడితే మాత్రం పని అక్కడే ఆగేది.

మనిషిని అడగవలసి వస్తే

అన్నింటినీ యంత్రమే తెలుసుకోలేదు. వాడుకరి ఏ భాష కోరుకుంటాడు, ఏ ఊరి కాలమానం పాటిస్తాడు, సర్వరుకు ఏ పేరు పెడతాడు, ఇవి మనిషి చెప్పవలసినవే. తొలి డెబియన్‌లో ప్రతి ప్యాకేజీ తన స్థాపన లిపిక ద్వారా తనకు తోచిన చోట, తోచిన తీరులో ప్రశ్న వేసేది. ఎప్పుడు ఏ ప్రశ్న వస్తుందో తెలియక మనిషి యంత్రం ముందు కాపలా కూర్చోవలసి వచ్చేది. 1999లో జోయీ హెస్ రాసిన ‘డెబ్‌కాన్ఫ్’ ఈ అరాచకాన్ని తొలగించింది. ప్రశ్నలు లిపికల్లోంచి బయటికి వచ్చి ప్రత్యేక పత్రాల్లో చేరాయి. ప్రతి ప్రశ్నకు ఒక పేరు, ఒక రకం, ఒక అప్రమేయ విలువ, ఒక వివరణ ఉంటాయి. నాలుగు స్థాయిల ప్రాముఖ్యం కూడా ఉంటుంది. వాడుకరి తనకు కావలసిన స్థాయికి దిగువనున్న ప్రశ్నలను అడగవద్దని చెప్పవచ్చు.

ప్రశ్న ప్రోగ్రాము నుండి విడివడి పాఠమైంది. పాఠమైన వెంటనే అనువాదయోగ్యమైంది. 1990ల నడుమ స్థిరపడిన గ్నూ ‘గెట్‌టెక్స్ట్’ పద్ధతిలోకి ఈ ప్రశ్నపత్రాలు కూడా తరువాత చేరాయి. ఒక ప్యాకేజీ ప్రశ్నలకు తెలుగు అనువాదం కావాలంటే ప్రోగ్రామింగు తెలియనక్కరలేదు, అనువాద ఫైలు నింపితే చాలు. తెలుగు వికీపీడియాతో సంబంధమున్నవారు కూడా కొందరు డెబియన్ స్థాపకాన్ని తెలుగులోకి తెచ్చే పనిలో పాలుపంచుకోవడం ఇందువల్లనే సాధ్యమైంది. 2005లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన ‘స్వేచ్ఛ’ తెలుగులో లినక్స్ వ్యవస్థను తేవడమే లక్ష్యంగా పెట్టుకున్నది. 2007లో సీడాక్ విడుదల చేసిన భారతీయ వ్యవస్థ ‘బాస్’ డెబియన్ పునాది మీద నిలిచి తెలుగుతో సహా భారతీయ భాషలకు చోటిచ్చింది.

2011 ఫిబ్రవరిలో వెలువడిన డెబియన్ 6.0లో స్థాపకపు భాషల జాబితాలో తెలుగు చేరింది. కన్నడం, లావో, సింహళం కూడా ఆ కూర్పులోనే చేరాయి. అయితే ఈ నాలుగూ చేరినది చిత్రరూప స్థాపకంలోనే. అక్షరరూప స్థాపకంలో కాదు. అక్షరరూప స్థాపకానికి సంకేతాలను అక్షరంగా కూర్చే సాధనం ఉండదు. లినక్స్ కన్సోలుకైతే ఒకసారికి 256 గాని 512 గాని రూపాలే అందుతాయి. అక్కడ ‘ఇచ్చోడ’ ఓత్వం తన చకారాన్ని చేరలేదు. చిత్రరూప స్థాపకం పాంగో అనే కూర్పు సాధనం మీద నిలిచింది కనుక అక్కడ తెలుగు తెలుగుగా కనిపిస్తుంది. తెలుగు ప్రశ్నకు కూడా ఆధారాలు కావాలి. పాత యంత్రాల్లో, జ్ఞాపకశక్తి చాలనిచోట, దూరం నుండి నడిపే సర్వర్ల మీద అక్షరరూప స్థాపకమే వాడవలసి వస్తే ప్రశ్న తెలుగులో రాదు.

మరొక సంగతి ఇంతకంటే గుర్తించదగినది. స్థాపన అయ్యాక నిత్యం వాడవలసినది ఆప్ట్‌ను. ఆప్ట్ సందేశాల అనువాదాల్లో మరాఠీ, నేపాలీ చేరిన నాటికి తెలుగు లేదు. బోథ్ వంటి సరిహద్దు ప్రాంతంలో తెలుగు, మరాఠీ, గోండి, ఉర్దూ ఒకే బజారులో వినిపిస్తాయి. ఆ నాలుగింటిలో ఆధారాల లెక్క చెప్పే సాధనం పలికినది మరాఠీని. తెలుగు స్వాగత ద్వారం దగ్గర నిలిచి, లోపలి నడవలో వినిపించకుండా పోయింది. స్థానికీకరణలో శ్రద్ధ కంటికి కనిపించే డెస్క్‌టాప్ మీదికి వెళ్లి, వ్యవస్థను నడిపేవారి భాష అనువాదకుల దృష్టికి ఆనకపోవడం దీనికి కారణమనిపిస్తుంది. తెలుగువారు వ్యవస్థను వాడతారు గాని నడపరన్న ఊహ అందులో దాగి ఉంది. హైదరాబాదు కంపెనీల్లో సర్వర్లను నడుపుతున్న తెలుగువారి సంఖ్యను తలచుకుంటే ఆ ఊహ ఎంత అసంగతమో తెలుస్తుంది.

ఖాళీలోకి వచ్చే పదం, విభక్తి

అనువాదకులు ఎదుర్కొన్న చిక్కుల్లో వ్యాకరణానికి సంబంధించినది ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ప్యాకేజీ సాధనాల సందేశాలు సంపూర్ణ వాక్యాలు కావు, ఖాళీలున్న అచ్చులు. ‘ఫలానాను విప్పుతున్నాం’ అన్న సందేశంలో ఫలానా చోట శాతం గుర్తుతో మొదలయ్యే ఖాళీ ఉంటుంది. నడిచే వేళ అందులోకి ప్యాకేజీ పేరు వచ్చి చేరుతుంది. ఆంగ్లంలో పేరు ఏదైనా వాక్యం మారదు. తెలుగులో మారుతుంది. ఢిల్లీకి, ఢిల్లీని, ఇచ్చోడకు, ఇచ్చోడను, బోథ్‌కు, బోథ్‌ను. ఇకారాంతాల మీద కు, ను ప్రత్యయాలు కి, నిగా మారడం బాలవ్యాకరణం మొదలుకొని ప్రతి వ్యాకరణమూ చెప్పిన సంగతే. ఖాళీలోకి రాబోయే మాట ఏ అచ్చుతో ముగుస్తుందో అనువాదకుడికి తెలియదు, యంత్రానికి తెలుగు ప్రత్యయాల జ్ఞానం లేదు. వచ్చే మాట రోమన్ లిపిలో ఉంటే దాని ఉచ్చారణ కూడా యంత్రానికి తెలియదు.

అనువాదకులు కనిపెట్టిన ఉపాయం ‘అనే’. ‘ఫలానా అనే ప్యాకేజీని’ అంటే ప్రత్యయం ఎప్పుడూ ‘ప్యాకేజీ’ అన్న స్థిరమైన మాట మీదే పడుతుంది. సందేశం కొంత పొడుగవుతుంది, తప్పు మాత్రం రాదు. తెలుగులో అనుకారక నిర్మాణానికి ఉన్న బలం ఇక్కడ అక్కరకొచ్చింది. ఇంత చక్కని పరిష్కారం పక్కనే కర్మణి వాక్యాల వరద కనిపించడం విచారకరం. ‘స్థాపించబడుతోంది’, ‘తొలగించబడినది’, ‘ఆకృతీకరించబడలేదు’ వంటి రూపాలు అనువాద ఫైళ్లలో మితిమీరి చేరాయి. ఆంగ్ల సందేశంలో కర్త కనిపించకపోవడమే దీనికి మూలం. తెలుగులో కర్తను చెప్పకుండా కర్తరి వాక్యం రాయడానికి అడ్డేమీ లేదు. ‘తొలగించాం’, ‘దొరకలేదు’, ‘పూర్తయింది’ అంటే సరిపోతుంది. బహువచనం విషయంలో గెట్‌టెక్స్ట్ ఒక భాషకు ఎన్ని రూపాలు కావాలో ముందే అడుగుతుంది. తెలుగు రెండని చెప్పి ఊరుకుంటుంది. అక్కడ పేచీ లేదు.

లోపల ఏమీ లేని ప్యాకేజీ

డెబియన్‌లో ‘టాస్క్-తెలుగు’, ‘టాస్క్-తెలుగు-డెస్క్‌టాప్’ అనే పేర్లతో ప్యాకేజీలున్నాయి. వీటిని విప్పి చూస్తే లోపల ప్రోగ్రామేదీ ఉండదు. ఉన్నదల్లా తెలుగు వాతావరణానికి కావలసిన ఇతర ప్యాకేజీల పేర్లే. ఖతుల సంగతి చూస్తే తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి స్వేచ్ఛా లైసెన్సు కింద విడిచిన పోతన, వేమన ఖతులు ఒక ప్యాకేజీ, లోహిత్ తెలుగు మరొకటి. రిట్ కాలంలో తెలిసినవారి జ్ఞాపకంలో ఉన్న గొలుసు ఇప్పుడు కొన్ని వరుసల పత్రమైంది. స్థాపకంలో వాడుకరి తెలుగును ఎంచుకుంటే ఆ పత్రం తనంతట తానే పనిచేస్తుంది. తెలుగు అన్న ఒక్క జవాబుకు వెనుక ఇన్ని ఆధారాలు కదులుతాయని ఎంచుకున్నవారికి తెలియనక్కరలేదు.

ఆ జవాబు ఎవరు చెబుతారన్నదే ఇప్పటి ప్రశ్న. డెబ్‌కాన్ఫ్ ప్రశ్నలకు జవాబులను ముందే ఒక ఫైలులో రాసిపెట్టి, మనిషి లేకుండానే స్థాపన నడిపించవచ్చు. కళాశాల ప్రయోగశాలలో నలభై యంత్రాలకు ఒకే ఫైలు చాలు. సర్వర్ల ప్రపంచంలో ఇప్పుడు ఇదే ఆచారం. వేలకొద్దీ యంత్రాలు ఒక్క ప్రశ్నా అడగకుండా నిలబడుతున్నాయి. స్వయంచాలకత పరాకాష్ఠకు చేరితే ప్రశ్న అనేదే మాయమవుతుంది. అప్పుడు భాషను ఎంచుకునేది వాడుకరి కాదు, ఫైలు రాసినవారు. వారు ఏమీ రాయకపోతే అప్రమేయం ఎంచుకుంటుంది, అప్రమేయం ఆంగ్లం. అనువాదకులు శ్రమించి తెలుగులోకి తెచ్చిన ప్రశ్న ఎవరికీ కనిపించకుండానే జవాబు పొందుతుంది. ఆ ఫైలులో లొకేల్ వరుసను తెలుగుకు మార్చడం ఒక నిమిషం పని. మార్చవచ్చునని తెలిసినవారు ఆ నిర్ణయం జరిగే చోట ఉండటం అరుదు.

గుంజాల గోండి

ఆదిలాబాద్ జిల్లాకే చెందిన మరొక భాష ఈ గొలుసులో తొలి మెట్ల మీద ఉంది. నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో లభించిన గోండి రాతప్రతులు జయధీర్ తిరుమలరావు తదితరుల కృషితో వెలుగులోకి వచ్చాయి. ఆ లిపి 2018లో యూనికోడ్ 11.0లో 63 సంకేతాలతో చోటు పొందింది. మధ్యప్రదేశ్ ప్రాంతంలో మున్షీ మంగళ్‌సింగ్ మసారం కల్పించిన మసారం గోండి లిపి అంతకు ముందు ఏడాదే చేరింది. నోటో ఖతుల శ్రేణిలో గుంజాల గోండికి ఖతి ఉంది. ఆదిలాబాద్ గోండికి అంతర్జాతీయ భాషా సంకేతాల పట్టికలో వేరే గుర్తు కూడా ఉంది. సంకేతాలు, ఖతి అనే రెండు ఆధారాలు సమకూడాయన్నమాట. టాస్క్-తెలుగు ఉన్నట్టు టాస్క్-గోండి లేదు.

పాత ఆధారాల మీద కొత్త లిపిని నిలపడంలో చిక్కులు తెలుగుకు ఎదురైన వాటికంటే కొంత భిన్నమైనవి. యూనికోడ్‌లో తెలుగు మొదటి తలంలో ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు చాలు. గుంజాల గోండి పై తలంలో ఉంది, నాలుగు బైట్లు కావాలి. ఒక ప్రసిద్ధ డేటాబేసు వ్యవస్థలో ‘యూటీఎఫ్-8’ అన్న పేరుతో చిరకాలం చలామణి అయిన అమరిక మూడు బైట్లకు మించి నిల్వ చేయదు. ఆ అమరికను అప్రమేయంగా ఉంచిన చోట ‘ఇచ్చోడ’ అని తెలుగులో రాస్తే నిలుస్తుంది. అదే ఊరి పేరును గుంజాల లిపిలో రాస్తే నిలవదు. ఇది ఖతి లోపం కాదు, లిపి లోపం అంతకన్నా కాదు. ఎక్కడో ఒక ఆకృతీకరణ ఫైలులో ఎవరూ మార్చని ఒక వరుస.

ఇక కావలసినది లొకేల్ ఫైలు. అది మామూలు పాఠ్య ఫైలే. అందులో అక్షరక్రమం చెప్పాలి. గుంజాల లిపి హల్లుల వరుస కకారంతో కాక యకారంతో మొదలవుతుంది, యూనికోడ్ పట్టిక కూడా ఆ క్రమాన్నే పాటించింది. కనుక నిఘంటువులోనైనా ఓటర్ల జాబితాలోనైనా పేర్లను ఏ వరుసలో పేర్చాలన్నది తెలుగు క్రమాన్ని చూసి తేల్చే సంగతి కాదు, ఆ లిపిని బోధిస్తున్న గోండి ఉపాధ్యాయులు చెప్పవలసినది. అక్షరక్రమం తరువాత ఫైలు అడిగేవి వారాల పేర్లు ఏడు, నెలల పేర్లు పన్నెండు. గుంజాల రాతప్రతుల్లో గుర్తించిన విషయాల్లో వారాల పేర్లు, నెలల పేర్లు ఉన్నాయి.